బొట్టు పెట్టిన హార్డ్ డిస్కు

ఫిల్మ్‌నగర్‌లో ఆయన గురించి చెప్పుకునే కథ ఒకటుంది. పాత హార్డ్ డిస్కు పాడైందని తెలిసి కూడా, మొండితనం కొద్దీ దాన్నే మళ్ళీ వాడి, ఒక పెద్ద నటి చేసిన గొప్ప సీనును మంటగలిపాడని. ఇది మొదటి కథనం. రెండోది ఇంకా రుచిగా ఉంటుంది. ఆ డిస్కుకి పూజ చేసి పెట్టిన కుంకుమ బొట్టును, చర్చికి వెళ్ళే మనిషి కాబట్టి, పనిగట్టుకుని తుడిచేశాడని, అందుకే అది ఆగిపోయిందని. ఏ ఆఫీసు ముందు టీ కొట్టు దగ్గరైనా పది నిమిషాలు నిలబడండి, ఈ రెండింటిలో ఒకటి మీ చెవిన పడుతుంది.

రెండూ అబద్ధాలే. ఎవరో చెబితే విని అంటున్న మాట కాదు. ఆ రోజు ఆ గదిలో నేనున్నాను. షూటింగులో తీసిన దృశ్యాలు క్షేమంగా ఎడిటింగ్ గదికి చేరేదాకా చూసుకోవడమే నా ఉద్యోగం. ఆ డిస్కు వాడొద్దని ఆయన ఎన్నిసార్లు అన్నారో నాకు తెలుసు. మూడుసార్లు.

పోయిన నెల ఆయన పోయారు. బోరబండలో వాళ్ళింటికి దగ్గరున్న చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. పోయిన మనిషి ఇంటివాళ్ళని ఓదార్చడానికి అందరూ కలిసి ప్రార్థన చేసుకునే సభ అది. అక్కడ కూడా, ఆయన ఫోటో ముందు నిలబడి మరీ, ఆ కథ మళ్ళీ చెప్పారు. అందుకే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. పేరు రాస్తే "ఓహో, ఆ డిస్కు పాడుచేసినాయనా!" అని గుర్తుపట్టేవాళ్ళే ఎక్కువ. ముందు మనిషిని చూడండి.

పొట్టి మనిషి. చొక్కా జేబులో రెండు స్కెచ్ పెన్నులు, ఒక తెల్ల ప్లాస్టరు చుట్ట, ఒక పాత టూత్ బ్రష్. చేతులకి తెల్లటి నూలు గ్లౌజులు. ఆ గ్లౌజుల గురించే మా మొదటి గొడవ. సినిమాలు ఫిల్ము మీద తీసే రోజుల్లో ఆయన ల్యాబులో నెగటివ్ కత్తిరించే పని చేశారు. నెగటివ్ మీద వేలిముద్ర పడితే అది తెర మీద ఏనుగంత కనబడుతుంది కాబట్టి అప్పుడు గ్లౌజులు కావాలి. తర్వాత ల్యాబులు మూతపడ్డాయి, ఫిల్ము పోయింది, కెమెరా కార్డుల్లోంచి దృశ్యాలు డిస్కుల్లోకి ఎక్కించే పనికి ఆయన వచ్చారు. గ్లౌజులు కూడా ఆయనతో వచ్చాయి.

"ఇనప డబ్బాకి గ్లౌజులెందుకండీ మాస్టారూ? దాని మీద వేలిముద్ర పడితే ఏమవుతుంది?" అన్నాను.

"దానికేమీ కాదమ్మా. ఇవి నా కోసం. తొడుక్కుంటే చెయ్యి తొందరపడదు."

"చెయ్యి తొందరపడకపోతే డైరెక్టరు తిడతాడు."

"తిడితే తుడుచుకుంటాం. పోయిన షాటు మళ్ళీ వస్తుందా?"

నేను అంతటితో ఊరుకునే రకాన్ని కాదు. గ్లౌజులేసుకుంటే చెమట పడుతుందని, ఆ చెమట డిస్కుకి మంచిది కాదని ఇంకో పావుగంట వాదించాను. ఆ సాయంత్రం నుంచి నా పేరు లాయరు గారు. పొద్దున్నే నేను గదిలోకి అడుగుపెట్టగానే "ఏమ్మా లాయరు గారూ, ఇవాళ కేసులేమిటి?" అనేవారు. కేసులకి కొదవ ఉండేది కాదు. ఏసీ ఎంతలో పెట్టాలి, యూనిట్ టిఫిన్లో ఉప్మాలోకి జీడిపప్పు దండగా కాదా, తెనాలి వాళ్ళ మాట తియ్యనా, గుడివాడ వాళ్ళదా. జీడిపప్పు కేసు అరగంట నడిచింది. గెలిచింది నేనే.

డిస్కులని ఆయన మనుషుల్లాగే చూసేవారు. కొత్తదైనా పాతదైనా బల్ల మీద పెట్టి, కరెంటు ఇచ్చి, ఒంగి చెవి ఆనించేవారు. కళ్ళు మూసుకునేవారు. ఛాతీ మీద గొట్టం పెట్టి ఊపిరి పీల్చమనే డాక్టరు వాలకం. తర్వాత కంప్యూటరులో పరీక్ష పెట్టి, అది చెప్పేదీ తన చెవి చెప్పిందీ కలిశాయో లేదో చూసుకుని, ప్లాస్టరు ముక్క కత్తిరించి, దాని మీద మూడు మాటల్లో ఒకటి రాసి అంటించేవారు. బాగుంది. జలుబు. విశ్రాంతి. జలుబంటే, కాపీ అవుతూ అవుతూ మధ్యలో ఆగి మళ్ళీ కదులుతోందని. అలాంటిదానికి ఉన్న ఒకే ఒక్క కాపీని అప్పగించేవారు కాదు. విశ్రాంతి అంటే ఇక దాన్ని ఏ పనికీ పిలవొద్దని. డిస్కులో దెబ్బతిని చదవడానికి రాని చోట్లని ఆయన పుచ్చులనేవారు. "దీనికి మూడు పుచ్చులున్నాయి, నెల నుంచి పెరగలేదు, నడుస్తుంది. దానికి రెండే, కానీ నిన్న ఒకటే ఉంది. దాన్ని నమ్మను."

"మొత్తం చెరిపేసి ఫార్మాట్ కొడితే బాగవుతుంది కదా?" అని అడిగాను ఒకసారి.

"మొహం కడుక్కుంటే జ్వరం పోతుందా అమ్మా?"

"మరి అందరూ అలాగే వాడుతున్నారుగా!"

"వాడనివ్వండి. పూర్తిగా పాడైన డిస్కుతో భయం లేదమ్మా, అది పాడయ్యానని చెబుతుంది. ఇలాంటిదే భయం. 'అంతా ఎక్కింది, వెళ్ళి పడుకో' అంటుంది. పొద్దున లేచి చూస్తే ఏమీ ఉండదు."

అందుకని కాపీ అయిపోయిందని కంప్యూటరు చెప్పినా ఆయన నమ్మేవారు కాదు. ప్రతి షాటునీ తెరిచి మొదలు, మధ్య, చివర చూసేవారు. ప్రొడక్షన్ మేనేజరు, అంటే సెట్లో భోజనాల దగ్గర్నుంచి బళ్ళ దాకా నడిపించేవాడు, గుమ్మం దగ్గర నిలబడి "మాస్టారు మార్నింగ్ షోలో ఉన్నారు, ఇంటర్వెల్ దాకా పిలవకండి" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వాను.

బోరబండ నుంచి సిటీ బస్సులో వచ్చేవారు. పాత దుప్పటి గుడ్డతో భార్య కుట్టిచ్చిన సంచీ ఉండేది. డిస్కులు అందులో పెట్టుకుని, సంచీని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి కూర్చునేవారట. బైకెక్కమంటే ఎక్కేవారు కాదు. "గుంతకో జబ్బు పట్టుకుంటుంది వీటికి." బస్సు దిగి జూబ్లీహిల్స్ ఎత్తు రోడ్ల మీద నడిచి వచ్చేవారు. ఆ రోడ్ల మీద నడిచే మనిషంటే గేటు దగ్గర కాపలావాళ్ళకి అనుమానం. ఒకరోజు ఒక బంగళా గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ అతను ఆపాడు.

"ఏంది పెద్దాయనా, సంచిల ఏమున్నది? తీసి చూపియ్."

"చూపిస్తాను నాయనా. ముందు చెయ్యి కడుక్కునిరా."

"నన్ను కడుక్కోమంటున్నవా?"

"మిర్చిబజ్జీ తిన్న చేత్తో ముడతావా? లోపల హీరో గారున్నారు."

అతను నిజంగానే వెళ్ళి చెయ్యి కడుక్కొచ్చాడు. నేను కారులోంచి దిగుతూ ఇదంతా చూశాను. జూబ్లీహిల్స్‌లో ఆ ఒక్క గేటు దగ్గరే ఆయన మాట చెల్లింది.

ఇక ఆ డిస్కు సంగతి. మా నిర్మాత గారి అంతకుముందు సినిమా బ్రహ్మాండంగా ఆడింది. ఆ సినిమా మొదటి షాటు ఎక్కిన హార్డ్ డిస్కును వాళ్ళావిడ జూబ్లీహిల్స్ ఇంట్లో పూజగదిలో పెట్టుకుంది. అమ్మవారి పటం పక్కన మూడేళ్ళుంది. రోజూ కుంకుమ, పసుపు, పువ్వు, అగరుపొగ, శుక్రవారం హారతి. కొత్త సినిమాకి ముహూర్తం పెట్టిన సిద్ధాంతి గారు, మొదటి షాటు ఆ డిస్కులోనే పడాలన్నారు. మా పరిశ్రమలో సెంటిమెంటుని చూసి నవ్వేవాళ్ళు ఇంట్లో కూర్చుని నవ్వుకోవాల్సిందే. ముహూర్తం రోజున మేనేజరు చెప్పులు విడిచి, వెండి పళ్ళెంలో తమలపాకుల మీద ఆ డిస్కును పెట్టుకుని తెచ్చాడు. పక్కన రెండు అరటిపళ్ళు కూడా ఉన్నాయి.

ఆయన గ్లౌజులు తొడుక్కుని దాన్ని అందుకున్నారు. తిప్పి చూశారు. కేబులు పెట్టే చోటంతా కుంకుమ, పసుపు పేరుకుపోయి గట్టిపడింది. ఆయన నేరుగా నిర్మాత గారి భార్య దగ్గరికి వెళ్ళారు.

"అమ్మా, పైనున్న బొట్టు ముట్టుకోను. కేబులు పెట్టే నోట్లోకి మాత్రం కుంకుమ పోయింది. తీయమంటారా?"

"తీయండి బాబూ. పైది మాత్రం చెరపకండి."

జేబులోంచి ఆ టూత్ బ్రష్ తీసి, తెల్లకాగితం పరుచుకుని, ఇరవై నిమిషాలు శుభ్రం చేశారు. రాలిన కుంకుమని కాగితంలోనే పొట్లం కట్టి తీసుకెళ్ళి ఆవిడ చేతికిచ్చారు. "చెత్తబుట్టలో పడకూడదు కదమ్మా" అన్నారు. బొట్టు తుడిచిన పాపాత్ముడి కథ ఇది. ఆవిడ ఇప్పటికీ ఉంది. ఎవరైనా ఒక్కరు వెళ్ళి ఆవిడని అడిగారా? అడగరు. అడిగితే కథ పోతుంది.

తర్వాత చెవి ఆనించారు. పరీక్ష పెట్టారు. నన్ను పిలిచి చూపించారు. ఏడు పుచ్చులు. గంట తర్వాత మళ్ళీ చూస్తే పంతొమ్మిది. "ఏ పనీ చెప్పకుండా కూర్చోబెడితేనే పెరుగుతున్నాయమ్మా" అని, ప్లాస్టరు మీద విశ్రాంతి అని రాశారు. మేనేజరు గుడ్లు బయటికొచ్చాయి.

"శుభమా అని మొదలుపెడుతుంటే విశ్రాంతి అని రాస్తారేంటండీ! పీకెయ్యండి ముందు!"

"రాసింది పీకనండి. కావాలంటే కనపడకుండా అడుగున అంటిస్తాను."

అడుగున అంటించారు. అందరం కలిసి ఒక ఒప్పందానికొచ్చాం. సెంటిమెంటు కోసం ముహూర్తం షాటు ఆ డిస్కులో పడుతుంది. అదే షాటు, ఆ తర్వాత తీసేవన్నీ, బాగున్న వేరే రెండు డిస్కుల్లోకి వెళతాయి. పూజ డిస్కు సెట్లో ఒక బల్ల మీద పువ్వులు పెట్టించుకుని కూర్చుంటుంది. సిద్ధాంతి గారూ ఆనందించారు, మేమూ ఆనందించాం.

మూడు వారాల తర్వాత, అద్దెకు తీసుకున్న ఒక బంగళాలో ఆ పెద్ద నటి సీను. చనిపోయిన చెల్లెలి చీరలు మడతపెడుతూ నాలుగు నిమిషాలు మాట్లాడాలి. మధ్యలో కట్ లేదు. ఆవిడ చివరి చీర మడిచి చేత్తో నిమిరాక, డైరెక్టరు కట్ చెప్పడం మరిచిపోయాడు. అంత బాగా వచ్చింది.

అప్పటికి కెమెరా కార్డులు మూడూ నిండాయి. మిగిలిన షాట్లు తీయాలంటే అవి ఖాళీ చేయాలి. ఖాళీ చేయాలంటే వాటిల్లోవి డిస్కులోకి ఎక్కించాలి. బాగున్న రెండు డిస్కుల్లో ఒకటి ఎడిటరు దగ్గరుంది. రెండోదాన్ని మేనేజరు పొద్దున్నే, ఆయనకి గానీ నాకు గానీ చెప్పకుండా, నిర్మాత గారింటికి పంపాడు. సినిమా కొనడానికొచ్చిన వాళ్ళకి నిన్న తీసిన ఫైటు చూపించడానికట. మిగిలింది పూజ డిస్కు.

"ఇది వద్దండీ. గంట ఇవ్వండి, బజారుకెళ్ళి కొత్తది తెస్తాను" అన్నారు ఆయన. మొదటిసారి.

"గంటా? రెండింటికల్లా అమ్మ గారు వెళ్ళిపోతారు. ఆవిడతో ఇంకా మూడు షాట్లున్నాయి" అన్నాడు మేనేజరు.

"అయితే ఆ ఇంటి నుంచి డిస్కు తెప్పించండి."

"కొనేవాళ్ళు చూస్తుంటే టీవీకి తగిలించింది పీక్కురమ్మంటారా? బాగుందండీ వరస! ఇక్కడ ఒకటుందిగా కళ్ళెదురుగా."

"అది ఉందని అనుకోకండి. దాన్ని వాడొద్దు." రెండోసారి.

అరుపులకి నిర్మాత గారు లోపలికొచ్చారు. విషయం విన్నారు. "మూడేళ్ళు అమ్మవారి ముందున్న డిస్కయ్యా అది! నా ఇంటికి కళ తెచ్చింది. దానికేమవుతుంది? ముహూర్తం షాటు ఎక్కలేదా?"

"ఒక్క షాటు ఎక్కిందండీ. ఇది పొద్దుట్నుంచి తీసిందంతా. ఇంత బరువు పెడితే కూలబడుతుంది. నా మాట వినండి, వద్దు." మూడోసారి.

నిర్మాత గారికి ఎదురుమాట అలవాటు లేదు. కొంచెం సేపు ఆయన్ని చూసి, నా వైపు తిరిగారు. "ఏమ్మా, దీనికి బాధ్యత నీది కదా. నువ్వు చెప్పు."

ఆయన కూడా నా వైపు చూశారు. నిశ్చింతగా చూశారు, అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది. లాయరు గారున్నారు కదా అన్నట్టు.

ఏడు పంతొమ్మిది కావడం నా కళ్ళతో చూసినదాన్ని. "మాస్టారు వద్దంటే వద్దండీ, గంట ఆపండి" అంటే సరిపోయేది. నిర్మాత గారు కేకలేసేవారు. ఉద్యోగం పోయేదో, పోయేది కాదో. జీడిపప్పు గురించి అరగంట వాదించిన నేను ఏమన్నానో రాస్తున్నాను. "సాయంత్రానికి ఇంకో కాపీ తీసేద్దాం లెండి మాస్టారూ. ఒక్క పూటే కదా."

ఆయన జేబులోంచి గ్లౌజులు తీసి తొడుక్కున్నారు. డిస్కు తగిలించారు. అంతా ఎక్కిందని కంప్యూటరు చెప్పాక కూడా, మొదలు, మధ్య, చివర తెరిచి చూశారు. అన్నీ కనబడ్డాయి. ఆ తర్వాతే కార్డులు చెరిపారు. ఆయన చేయగలిగినదేదీ ఆ రోజు వదిలిపెట్టలేదు.

సాయంత్రం అయిదింటికి రెండో డిస్కు తిరిగొచ్చింది. కాపీ తీయడానికి పూజ డిస్కుకి కరెంటు ఇచ్చారు. టక్. టక్. టక్. ఆయన చెవి ఆనించలేదు. ఆనించవలసిన పని లేదు, గదిలో అందరికీ వినబడుతోంది.

పోయినవి తిరిగి తీసిచ్చే వాళ్ళ దగ్గరికి వేరే ఊరు పంపించాం. లోపల పలకలు గీసుకుపోయాయని, ఏమీ రాదని చెప్పారు. ఆ మాట వచ్చిన రోజున నిర్మాత గారు ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి, "ఎవరు చేశారీ పని?" అని అడిగారు. వాడమన్నది తానేనన్న సంగతి ఆయనకి నిజంగానే గుర్తులేదనుకుంటాను, పెద్దవాళ్ళకి అలాంటి వరాలుంటాయి. మేనేజరు ఫ్యాను వైపు చూశాడు. నేను చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచానని నేనే అంటున్నాను, సాక్ష్యం లేదు. ఈలోపు ఆయన లేచి నిలబడ్డారు.

"నా చేతుల మీదుగా పోయిందండీ. నాదే."

గదిలో అందరి ఊపిరీ ఒక్కసారి వదులైంది. నాదీ అయింది.

నెల తర్వాత ఆ సీను మళ్ళీ తీశారు. "నిన్నటి ఏడుపు ఇవాళ మళ్ళీ ఏడవమంటే ఎక్కణ్ణుంచి తెచ్చేది బాబూ?" అంది ఆ పెద్ద నటి. ఎంత చేసినా రాలేదు. సినిమా పోయింది. పోయాక, అంతా ఆ పోయిన సీను వల్లే అన్నారు. తెర మీద కనిపించిన రెండున్నర గంటల సినిమాదీ ఏ తప్పూ లేదట, కనిపించని నాలుగు నిమిషాలదేనట నేరం. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు. కొత్త సినిమాకి నేను ఆయన పేరు చెబితే మేనేజరు చెంపలేసుకున్నాడు. "ఆయనా? వద్దండీ బాబూ. మనిషి మంచోడే, అచ్చిరాడు." డిస్కు మాత్రం పూజగదికి తిరిగి వెళ్ళింది. ఎంతైనా హిట్ సినిమా డిస్కు కదా. అడుగున ఉన్న ప్లాస్టరు ఎవరో గీకేశారు. అచ్చిరానిది అది కాదు, దాన్ని వద్దన్న మనిషి.

నేను నిజం చెప్పలేదా అంటే చెప్పాను. ఇద్దరు ముగ్గురికి, లిఫ్టులో, మెల్లగా.

రెండేళ్ళ తర్వాత మధురానగర్‌లో ఒక ఫోటో స్టూడియో ముందు నుంచి వెళుతుంటే, అద్దంలోంచి తెల్ల గ్లౌజులు కనబడ్డాయి. లోపలికి వెళ్ళాను. పెళ్ళి వీడియోలు డిస్కుల్లోకి ఎక్కిస్తున్నారు.

"ఏమ్మా లాయరు గారూ! కూర్చోండి, కూర్చోండి" అన్నారు, నిన్ననే సెట్లో విడిపోయినట్టు.

స్టూడియో యజమాని ఒక డిస్కు చేత్తో పట్టుకుని వచ్చాడు. "పెద్దాయనా, గిది జర చూడు. పోయినేడు పెండ్లిండ్లవి దీంట్ల ఉండె. చెరిపేసి రేపటి రిసెప్షన్‌కు వాడుకుందామా?"

ఆయన దాన్ని బల్ల మీద పెట్టి చెవి ఆనించారు. కళ్ళు మూసుకున్నారు. "వద్దు బాబూ."

"గింత కొత్తగున్నది గదా?"

"కొత్తగా ఉన్నది పైన పెట్టె. వద్దు."

"సరే, వద్దంటే వద్దు. ఇగ పాత సామాన్లోనికి ఏసుడే" అని అతను దాన్ని మూలనున్న అట్టపెట్టెలోకి విసిరేసి, నాతో, "పెద్దాయన ఒక్కసారి చెప్పిండంటే అయిపాయె మేడమ్. మా దగ్గర ఒక్క పెండ్లి కూడా పోలేదు" అన్నాడు.

అతను వెళ్ళాక అడిగాను. "మాస్టారూ, ఆ రోజు నాదే అని ఎందుకన్నారు?"

"ఇక్కడ టీ బాగుండదమ్మా. వీధి చివర ఇరానీ హోటలుంది, తెప్పించనా?"

"నేను అడిగింది టీ గురించి కాదు."

"తెలుసమ్మా" అని, నవ్వి, టీ చెప్పారు. నేను టీ తాగి వచ్చేశాను. వాదన మధ్యలో వదిలి లేచిన రెండో రోజు అది.

మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళాలని అనుకుంటూనే ఉన్నాను. పోయిన నెల ఫోను వచ్చింది.

ఆదరణ కూడికకి మేనేజరు తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. పాస్టరు గారు ఎవరైనా రెండు మాటలు చెప్పండంటే, మైకు పట్టుకున్నాడు. "మాస్టారి మనసు బంగారం. ఒక్క బలహీనతండీ, పాత డిస్కు మీద మమకారం. మేమందరం చెప్పాం, వద్దు మాస్టారూ అని. వింటేగా!" కొంతమంది ముసిముసిగా నవ్వారు కూడా. నేను లేచాను. మైకు లాక్కున్నానని తర్వాత అన్నారు, లాక్కునే ఉంటాను. ఆయన మూడుసార్లు వద్దన్నారని, ఎప్పుడెప్పుడన్నారో, ఎవరెవరు వినలేదో చెప్పాను. నేనేమన్నానో కూడా, ఇక్కడ రాసినట్టే, అక్షరం మార్చకుండా చెప్పాను. పాస్టరు గారు "సహోదరి గారికి వందనాలు" అని ప్రార్థనకి లేచారు.

భోజనాల దగ్గర ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది. సన్నటి మనిషి, తెల్ల చీర. కృతజ్ఞతలు చెబుతుందేమో, వద్దని చెప్పాలి అనుకుంటున్నాను.

"మీరు ఆయన్ని వెనకేసుకొచ్చారు, మీ మంచితనం" అంది. "కానీ దేవుని సన్నిధిలో అబద్ధం ఎందుకమ్మా?"

నాకు అర్థం కాలేదు.

"ఆయన నా దగ్గర ఏదీ దాచలేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చెప్పారు. 'అందరూ వద్దంటున్నా నేనే మొండికేసి ఆ పాతదాన్ని వాడానే, నాదే తప్పు' అన్నారు. ఆ లాయరమ్మ గారు కూడా ఎంతో చెప్పి చూశారంట. వినలేదని ఎంత బాధపడ్డారో! తర్వాత ఎవరడిగినా అదే చెప్పేవారు. మా మరిదికి చెప్పారు, పాస్టరు గారికి చెప్పారు. మీరిప్పుడొచ్చి ఆయన మాట అబద్ధమంటే నేనేం కావాలి?"

నేను వాదించలేదు. ఆవిడ నా పళ్ళెంలో ఇంకో గరిటె పులుసు వేసి వెళ్ళింది.

అంటే, ఇన్నేళ్ళుగా ఫిల్మ్‌నగర్‌లో నేను పళ్ళు కొరుకుతూ విన్న ఆ మొదటి కథ మేనేజరు అల్లింది కాదు. ఆయన నోటి నుంచే మొదలైంది. ఆఫీసులో ఆయన అన్నది "నాదే" అని మాత్రమే. దాన్ని నన్ను కాపాడే మాటగా తీసుకుని నేను రోజులు గడుపుకున్నాను. ఇల్లాలి దగ్గర ఎవరిని కాపాడతారు? ఆ లాయరమ్మని నేనేనని కూడా ఆవిడకి తెలియదు. నా పేరు దాచవలసిన అవసరం లేదు, పైగా నాకు లేని ధైర్యం కూడా అంటగట్టారు. ఏ షాటునైనా మొదలు, మధ్య, చివర చూడకుండా ఉందని ఒప్పుకోని మనిషి, ప్రార్థన చేసుకునే మనిషి, అన్నం ముందు కూర్చుని కట్టుకున్న భార్యకి ఇంత పెద్ద అబద్ధం చెప్పారు. చెప్పి, చివరిదాకా దాని మీదే నిలబడ్డారు.

ఆయనకి మేలు జరిగేదేదీ నాకు ఇందులో కనబడలేదు, ఒక్కటి తప్ప. అది కూడా నిజమో కాదో తెలియదు. అందుకే మాస్టారూ, మిమ్మల్నే అడుగుతున్నాను, ఈసారి టీ చెప్పి తప్పించుకోకండి. ముప్పై ఏళ్ళు ఈ పనే చేసిన మనిషి మూడుసార్లు వద్దంటే మా వాళ్ళు పూచికపుల్లలా తీసిపారేశారని ఇంట్లో చెప్పుకోవడం కంటే, తప్పు చేశానని చెప్పుకోవడమే మీకు తక్కువ సిగ్గనిపించిందా?